మా జెడ్పీ హైస్కూల్ ల్యాబ్‌లో లినక్స్: జూన్ నుంచి డిసెంబర్ దాకా నా అనుభవం

నేను అనంతపురం జిల్లాలో, ఉరవకొండ వైపు ఉన్న ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. 2025 జూన్‌లో మొదలుపెట్టి డిసెంబర్ నాటికి మా కంప్యూటర్ ల్యాబ్‌ను విండోస్ నుంచి లినక్స్‌కి మార్చాం. విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఇది, కానీ ఉచితం. ఇప్పుడు పక్క మండలాల టీచర్లు ఫోన్ చేసి ఎలా చేశారని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పేకంటే జరిగింది జరిగినట్టు రాస్తే మేలనిపించింది. ముందే ఒక మాట. సిస్టంలో లినక్స్ వేయడానికి ఒక పూట చాలు. దానికి ముందు కాగితాలు, దాని తర్వాత ప్రింటర్, తెలుగు టైపింగ్, తోటి టీచర్ల భయం. నెలలు పట్టింది వీటికే.

జూన్ 12న బడులు తెరిచారు. ఆ వారంలోనే ల్యాబ్ తాళం తీయించి చూశాను. పదకొండు సిస్టంలున్నాయి, దుమ్ము పట్టి. వాటిలో రెండింటికి మదర్‌బోర్డే పోయింది. మిగిలిన తొమ్మిదింటిలో విండోస్ 7, రెండేసి జీబీల ర్యామ్. ఆన్ అవడానికే పీరియడ్‌లో పావు వంతు పోయేది. పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయేవి. విండోస్ 7కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. విండోస్ 10 వేయిద్దామంటే దానికీ 2025 అక్టోబర్ 14 ఆఖరి తేదీ అని అప్పటికే ప్రకటించి ఉన్నారు. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. మా సిస్టంలకు అవేవీ లేవు. కొత్త కంప్యూటర్లు ఎప్పుడొస్తాయో చెప్పేవాళ్లు లేరు.

నన్ను బాధపెట్టింది పిల్లల సంగతి. పదో తరగతి పాసై పాలిటెక్నిక్‌కి పోయిన మా పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు అడుగుతాను, ఎట్లుందమ్మా అని. "ల్యాబ్‌లో కీబోర్డు ముందర కూర్చోవాలంటే చేతులు వణుకుతాయి మేడం, టౌన్ పిల్లలు చకచకా కొడతారు" అని ఒకమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయి మా బడిలో ఐదేళ్లు చదివింది. ఐదేళ్లూ ఆ ల్యాబ్ గది పక్క నుంచే క్లాసుకు పోయింది. ఆ మాట విన్నాక ఊరికే ఉండలేకపోయాను.

మా పూర్వ విద్యార్థి ఒకబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. అతనికి ఫోన్ చేశాను. "మేడం, లినక్స్‌లో మింట్ అనే కూర్పు ఉంది, పాత సిస్టంలకు అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం బాగుంటుంది. ర్యామ్ ఒకటి పెంచుకుంటే చాలు, నేను వచ్చి చేసిపెడతా" అన్నాడు. నాకు ఆ రోజు సగం పని అయిపోయినట్టే అనిపించింది. కానీ మా హెచ్‌ఎం సార్ దగ్గరికి వెళ్లాక అసలు కష్టం తెలిసింది.

"అమ్మా, నువ్వు చేయాలనుకునేది మంచి పనే. కానీ ఇవి గవర్నమెంటు స్టాకు. నాకింక ఏడాది పైచిలుకే సర్వీసు. రేపు ఆడిట్‌లో ఏమన్నా రాసినారంటే పెన్షన్ కాగితాలు ఆగిపోతాయి" అన్నారు సార్. ఆయన భయంలో న్యాయముంది. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న వస్తువును ముట్టుకుంటే జవాబు చెప్పాల్సింది హెచ్‌ఎమ్మే. కాబట్టి నోటిమాటగా కాకుండా కాగితం మీద అనుమతి తెచ్చుకుందామని ఇద్దరం అనుకున్నాం.

జూన్ ఆఖరి వారంలో పై ఆఫీసుకు లెటర్ రాశాం. హార్డ్‌వేర్ ఏదీ బయటికి పోదు, సాఫ్ట్‌వేర్ ఒక్కటే మారుతుంది, పాత ఫైళ్లన్నీ కాపీ తీసి పెడతాం అని స్పష్టంగా రాశాను. దానికి రెండు కాగితాలు జతచేశాను. ఒకటి, కేంద్ర ప్రభుత్వం 2012లో తెచ్చిన పాఠశాల విద్య ఐసీటీ విధానం, అంటే బడుల్లో కంప్యూటర్, సమాచార సాంకేతికత వాడకం గురించిన విధానం. బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి, అంటే ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగేదానికి ప్రాధాన్యం ఇవ్వాలని అందులోనే ఉంది. రెండోది, 2015లో కేంద్రం ప్రకటించిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విధానం. ఈ రెండూ నెట్‌లో దొరుకుతాయి, ప్రింట్ తీసి పెట్టుకోండి. "ఎక్కడన్నా చేసినారా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లినక్స్ మీదే ఐటీ పాఠాలు జరుగుతున్నాయని, కైట్ అనే ప్రభుత్వ సంస్థ దానికోసం సొంతంగా ఒక లినక్స్ కూర్పునే ఇస్తోందని రాశాను. హెచ్‌ఎం సార్‌కి ధైర్యం ఇచ్చింది ఆ కేరళ ముక్కే.

తర్వాత ఎదురుచూపులు. పై ఆఫీసు నుంచి ఏ కబురూ లేదు. అడిగితే "చూస్తాం మేడం" అనేవాళ్లు, అంతే. ఈలోగా జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ వచ్చింది. ఆ రోజు తల్లిదండ్రుల ముందు ఈ విషయం పెట్టాను. టమాటా బండి తోలే ఒకాయన లేచి అడిగాడు: "మేడం, బయట నెట్ సెంటర్లో, ఆఫీసుల్లో అంతా విండోసే కదా. మావోడు ఇది నేర్చుకుంటే రేపు పనికొస్తాదా?"

సరైన ప్రశ్నే అడిగాడు. బిడ్డ బతుకుదెరువు గురించి తండ్రి అడగాల్సిన ప్రశ్న. "అన్నా, మీ చేతిలో ఉండే ఫోన్ ఆండ్రాయిడ్ కదా, దాని లోపల నడిచేది లినక్సే. టైప్ కొట్టడం, లెక్కల పట్టిక చేయడం, ఫైలు దాచుకోవడం ఒకదాంట్లో వస్తే ఇంకోదాంట్లో నాలుగు రోజుల్లో వస్తుంది" అని చెప్పాను. ఆయనకు పూర్తిగా నమ్మకం కుదరలేదని ముఖం చూస్తేనే తెలిసింది. "సరే మేడం, తాళమేసి పెట్టేదానికన్నా మేలే కదా, పెట్టండి" అన్నాడు. స్కూల్ కమిటీ తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు తీసుకున్నాం. ఆ తీర్మానం కాపీ పంపాకే కదలిక వచ్చింది. జూలై ఆఖరులో, కమిటీ తీర్మానంతో బడి స్థాయిలో చేసుకోవచ్చని, పాత డేటా భద్రంగా ఉంచాలని ఒక నోట్ వచ్చింది. మీరు మాత్రం తీర్మానంతోనే మొదలుపెట్టండి. మేం పోగొట్టుకున్న నెల మీకు మిగులుతుంది.

ఇక డబ్బు. ఆగస్టు మొదటి ఆదివారం అనంతపురం పోయి టవర్ క్లాక్ చుట్టుపక్కల షాపులన్నీ తిరిగాను. "ర్యామ్ డీడీఆర్ 2నా 3నా చూసుకొని రండి మేడం, తప్పు తీసుకుంటే వాపసు లేదు" అని మొదటి షాపులోనే చెప్పారు. ఫోన్లో మా అటెండర్‌తో డబ్బా విప్పించి, ర్యామ్ మీద స్టిక్కర్ ఫోటో పెట్టించుకుని చూశాను. డీడీఆర్ 3. సెకండ్ హ్యాండ్ 4 జీబీ ముక్క 450 రూపాయలు, తొమ్మిదింటికి 4,050. రెండు సిస్టంలకు ఎస్‌ఎంపీఎస్, అంటే లోపల కరెంటు అందించే డబ్బా, మార్చడానికి 1,300. కీబోర్డు మౌస్ సెట్లు ఐదు, 2,750. 64 జీబీ పెన్‌డ్రైవ్ 450. కాపీలు తీయడానికి పాత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి 1,200. మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రటి సీఆర్ 2032 బ్యాటరీలు తొమ్మిది, 270. మొత్తం 10,020 రూపాయలు. సాఫ్ట్‌వేర్‌కి ఒక్క రూపాయీ లేదు. సగం స్కూల్ గ్రాంట్ నుంచి కమిటీ ఇచ్చింది, సగం బెంగళూరులో ఉండే మా పాత పిల్లలు వేసుకున్నారు. బిల్లులన్నీ జీఎస్టీ నంబరుతో తీసుకోండి. కొత్త ర్యామ్‌ను స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించడం మరవొద్దు.

ముప్పై రూపాయల ఆ బ్యాటరీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది అయిపోయిన సిస్టం ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు, "సురక్షితం కాదు" అంటుంది. లినక్స్ అప్‌డేట్లు కూడా దిగవు. మా బెంగళూరు అబ్బాయి ముందే చెప్పాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నెట్ పాడైందనుకుని తల పట్టుకునేవాళ్లం.

ఆగస్టు 9, రెండో శనివారం. ముందు రోజు వరలక్ష్మీ వ్రతం. బెంగళూరు అబ్బాయి పండగకు ఊరికొచ్చి, పొద్దున్నే బడికి వచ్చాడు. మింట్ 22.1 ఫైలు దాదాపు మూడు జీబీలు ఉంటుంది. మా ఊళ్లో సెల్ డేటాతో అది దిగదని తనే తెచ్చాడు. ఒకే పెన్‌డ్రైవ్ నుంచి రకరకాల ఇన్‌స్టాల్ ఫైళ్లను నడిపించే వెంటాయ్ అనేది పెన్‌డ్రైవ్‌లో వేసి, అందులో మింట్ ఫైలు, ఒక సిస్టంను ఉన్నదున్నట్టు ఇంకోదాంట్లోకి కాపీ చేసే క్లోన్‌జిల్లా ఫైలు రెండూ పెట్టాడు. ముందు పాత ఫైళ్లన్నీ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ తీశాం. ఎప్పటెప్పటివో ఫోటోలు, ఫేర్‌వెల్ పార్టీలు, సైన్స్ ఫెయిర్‌లు. రిటైరైపోయిన సార్లు, చనిపోయిన మా హిందీ మేడం. కాసేపు పని ఆపి అందరం అవే చూస్తూ నిలబడ్డాం.

తర్వాత ఒక సిస్టంలో, ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్ నుంచి మింట్‌ను ఊరికే నడిపి చూశాం. హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా అలా చూసుకునే వీలుంది. స్క్రీన్, సౌండ్, నెట్ అన్నీ పనిచేస్తున్నాయని తేలాకే ఇన్‌స్టాల్ చేశాం. ఆ ఒక్క సిస్టంలోనే కావాల్సినవన్నీ ఎక్కించాం: టైపింగ్, లెక్కల పట్టికల పనికి లిబ్రేఆఫీస్ అందులోనే వస్తుంది, దానికి తోడు జ్యామితి పటాలు గీసే జియోజెబ్రా, బొమ్మలు వేసే టక్స్ పెయింట్, చిన్నపిల్లల ఆటపాఠాల జీకాంప్రి, టైపింగ్ నేర్పే కేటచ్, నక్షత్రాలు చూపించే స్టెల్లేరియం. ఫోన్ కేబుల్ తగిలిస్తే నెట్ వచ్చేసింది, డ్రైవర్ అడగలేదు. ఆ సిస్టం మొత్తాన్ని క్లోన్‌జిల్లాతో నకలు తీసి, మిగతావాటిలోకి ఒక్కొక్కటిగా దించాం. ఒక సిస్టంలో హార్డ్‌డిస్క్ మిగతావాటికంటే చిన్నది, దాంట్లోకి దిగలేదు. దానికి మాత్రం విడిగా వేశాం. సాయంత్రానికి తొమ్మిదీ సిద్ధం. చీకటి పడుతుండగా తొమ్మిది స్క్రీన్లూ ఒకేసారి వెలిగితే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అటెండర్ వెళ్లి ఆ వేళప్పుడే అందరికీ టీ పట్టుకొచ్చాడు.

పంద్రాగస్టు తర్వాత వారం నుంచి పిల్లలను ల్యాబ్‌కి తీసుకుపోతున్నాను. ఆరు, ఏడు తరగతుల వాళ్లకు మౌస్ పట్టుకోవడమే కొత్త. స్క్రీన్ మీద వేలు పెట్టి జరుపుతారు. "మేడం, ఇది ఫోన్ మాదిరి పోలేదే" అంటారు. వాళ్లకు టక్స్ పెయింట్ ఇచ్చి వదిలేశాను, బొమ్మలు వేస్తూ వాళ్లంతట వాళ్లే నేర్చుకున్నారు. అందులో మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు.

పదో తరగతితో జరిగిన ఒక పీరియడ్ గురించి చెప్పాలి. వృత్తం బయట ఉన్న బిందువు నుంచి గీసిన రెండు స్పర్శరేఖల పొడవులు సమానం అనే సిద్ధాంతం. ఇన్నేళ్లూ బోర్డు మీద ఒక పటం గీసి, నిరూపణ రాయించి ముగించేదాన్ని. ఈసారి జియోజెబ్రాలో పటం గీసి, బిందువును జరపమన్నాను. జరుపుతుంటే రెండు పొడవులూ కలిసే పెరుగుతున్నాయి, కలిసే తగ్గుతున్నాయి. ఒకమ్మాయి బిందువును వృత్తం లోపలికి లాగింది. రేఖలు రెండూ మాయమయ్యాయి. "మేడం, పాడైపోయింది" అని భయపడింది. పాడవలేదమ్మా, ఎందుకు పోయాయో నువ్వే ఆలోచించు అన్నాను. లోపలి నుంచి గీసిన ఏ గీతైనా వృత్తాన్ని రెండు చోట్ల కోస్తుంది కదా అని పక్కనున్న పిల్లాడు అన్నాడు. మరి సరిగ్గా వృత్తం మీదే పెడితే అని ఇంకొకరు. అప్పటికప్పుడు పెట్టి చూశారు. గంట కొట్టినా లేవలేదు. నా పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆ పాఠంలో పిల్లలు తమంతట తాము ప్రశ్న వేయడం అదే మొదటిసారి.

ఇంకో రోజు తొమ్మిదో తరగతి అబ్బాయి పక్కకొచ్చి మెల్లగా అడిగాడు. "మేడం, మా అన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. దాంట్లోకి ఇది కాపీ కొట్టుకోవచ్చా? కేసేమీ కాదా?" కాదని చెప్పాను. మింట్, లిబ్రేఆఫీస్ లాంటివాటిని ఎంతమందికైనా కాపీ చేసి ఇవ్వొచ్చు, లోపల ఎలా రాశారో చూడొచ్చు, మార్చుకోవచ్చు కూడా, వాటి లైసెన్సే ఆ హక్కు ఇస్తుంది అన్నాను. జియోజెబ్రా ఒక్కటి కొంచెం వేరు, వ్యాపారానికి కాకుండా వాడుకుంటే ఉచితం. మనకు ఇంతకాలం కాపీ అంటే దొంగచాటుగా చేసేదే. వాడు తలెత్తి ఇంటికి పట్టుకుపోగలిగేదాన్ని నేర్పుతున్నానని ఆ రోజు నాకు చాలా సంతోషమేసింది. ఈ ఒక్క కారణానికైనా సర్కారు బడుల్లో ఇదే ఉండాలని గట్టిగా నమ్ముతున్నాను. బీద పిల్లల చేతికి ఇచ్చే పనిముట్టు వాళ్లు ఇంట్లో కూడా వాడుకోగలిగేదై ఉండాలి.

ఇప్పుడు ఇబ్బందులు. సెప్టెంబర్ అంతా వీటితోనే గడిచింది.

మొదటిది ప్రింటర్. మా పాత లేజర్ ప్రింటర్‌కి ఆ కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇచ్చిందే కానీ అది పాతకాలం నాటిది, కొత్త మింట్‌లో నిలబడలేదు. వారాల తరబడి ప్రయత్నించి వదిలేశాం. ఇప్పుడు పీడీఎఫ్ చేసి ఆఫీసు సిస్టం నుంచి ప్రింట్ తీస్తున్నాం. మీరు మొదలుపెట్టకముందే మీ ప్రింటర్ మోడల్ పేరు, లినక్స్‌లో ఏ ప్రింటర్ నడుస్తుందో చెప్పే ఓపెన్‌ప్రింటింగ్ సైట్‌లో వెతికి చూసుకోండి. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ సరిపోతుంది.

రెండోది కరెంటు. యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక ఒక సిస్టం నల్ల స్క్రీన్ మీద "ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్" అని చూపించి ఆగిపోయింది. పిల్లలు నేనేం చేయలేదు మేడం అని ఏడుపు ముఖాలు పెట్టారు. ఫోన్లో మా బెంగళూరు అబ్బాయి చెబుతుంటే, డిస్క్‌లో తప్పులు సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే అనే కమాండ్ కొట్టాను, రెండు నిమిషాల్లో బాగైంది. ఆ కమాండ్ కాగితం మీద రాసి ల్యాబ్ గోడకు అంటించాం. ఇప్పుడు తొమ్మిదో తరగతి వాళ్లే చేసుకుంటారు.

మూడోది తెలుగు. మా దగ్గరున్న పాత ప్రశ్నపత్రాలు, సర్క్యులర్లు చాలావరకు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే అక్షరాల పద్ధతి) కాని డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు. తెలుగు సార్ చాలా నొచ్చుకున్నారు. "ఇరవై ఏండ్ల పేపర్లు మేడం" అన్నారు. నెట్‌లో దొరికే కన్వర్టర్లతో కొన్ని మార్చాం, ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి, చేత్తో దిద్దుకోవాలి. మిగిలినవి ఇంకా అట్లే ఉన్నాయి. కానీ ఫాంట్స్-తెలుగువిజయం అనే ప్యాకేజీ వేశాక ఆయన ముఖం వికసించింది. సురవరం, గిడుగు, మల్లన్న, రామభద్ర, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ. ఇన్ని అక్షరాల తీరులు, అన్నీ ఉచితం, అన్నీ యూనికోడ్. తెలుగు టైపింగ్‌కి ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పిల్లలు దసరా సెలవుల లోపే పట్టేశారు. ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి హల్లులు వస్తాయని తెలిశాక తేలికే. అక్టోబర్ గోడపత్రిక మొత్తం వాళ్లే టైప్ చేశారు.

నాలుగోది మా స్టాఫ్. ఆఫీసు పనికి వాడే సిస్టంను మేం మార్చలేదు. జీతాల బిల్లులకు వాడే డిజిటల్ సంతకం, వేలిముద్ర మెషిన్ డ్రైవర్లు ఇంకా విండోస్‌నే అడుగుతున్నాయి. జనవరి, ఫిబ్రవరిలో టీచర్ల గ్రూపుల్లో తిరిగే ఇన్‌కం ట్యాక్స్ ఎక్సెల్ షీట్లు ఉన్నాయే, వాటిలో మాక్రోలు, అంటే లెక్కలు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు, లిబ్రేఆఫీస్‌లో సరిగ్గా నడవవు. ఈ సంగతి తెలిసి ఒకరిద్దరు "చూడు మేడం, నేను ముందే చెప్పినా" అన్నారు. వాళ్లతో వాదించలేదు. ల్యాబ్ పిల్లలది, ఆఫీసు ఆఫీసుదే అని చెప్పాను. మామూలు మార్కుల పట్టికలు మాత్రం ఏ తేడా లేకుండా తెరుచుకుంటున్నాయి. అక్టోబర్‌లో మెగా డీఎస్సీ ద్వారా కొత్తగా వచ్చిన బయాలజీ మేడం రావడంతో నాకు తోడు దొరికింది. ఆమె వచ్చిన వారానికే ల్యాబ్ టైంటేబుల్ తన చేతిలోకి తీసుకుంది.

నవంబర్‌లో, నెట్ లేకుండా వెబ్‌సైట్లు చదివించే కివిక్స్ వేసి, తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకున్నాం. లక్షకు పైగా వ్యాసాలు, నెట్ లేకుండానే చదువుకోవచ్చు. పిల్లలు మొదట వెతికింది మా ఊరి పేరు. వ్యాసం ఉంది కానీ నాలుగు ముక్కలే. దాన్ని మనమే పెంచి రాయొచ్చా అని అడిగారు. సంక్రాంతి సెలవుల్లో చెరువు గురించి, పెన్నహోబిలం తిరునాళ్ల గురించి పెద్దవాళ్లను అడిగి రాసుకురమ్మని చెప్పాను.

పోయిన వారం పక్క మండలం నుంచి ఒక సైన్స్ సార్ వచ్చి రోజంతా మా ల్యాబ్‌లో కూర్చున్నారు. మా లెటర్, తీర్మానం కాపీలు జిరాక్స్ తీసుకున్నారు, పెన్‌డ్రైవ్ నింపుకున్నారు. వాళ్ల సిస్టంలలో ర్యామ్ డీడీఆర్ 2 అట, అది దొరకడం కష్టం. రెండు జీబీతోనే నడిచే లుబుంటు అనే ఇంకో లినక్స్ కూర్పు వేసి చూద్దామని అనుకున్నాం. వాళ్ల హెచ్‌ఎం మేడం కమిటీ మీటింగ్ జనవరి మొదటి వారంలో పెడతానన్నారు. ఆ రోజు మా బయాలజీ మేడం, నేను ఇద్దరం పోతున్నాం.